అట్టపెట్టె విప్పితే కనిపించే గీతలు: ప్యాకేజింగ్ టెంప్లేట్ల పరిభాషలో తికమక ఎక్కడ?

క్లుప్తంగా: అట్టపెట్టె టెంప్లేట్ అంటే పెట్టెను విప్పి పరిచినట్టు గీసిన గీతల పటం. అందులో కోసే, మడిచే ప్రతి గీత వెనుకా ఒక ఉక్కు పట్టీ ఉంటుంది. కోసే పట్టీ వేరు, మడత వేసే పట్టీ వేరు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ఆ తేడా తెలియదు, దానికి అన్నీ గీతలే. గీతలకు పేర్లు పెట్టకపోవడం, ఫైలు ఒక కంప్యూటర్ నుంచి మరొక దానికి వెళ్లేటప్పుడు కొలత మారిపోవడం, ఒకే పదాన్ని ప్రెస్సు ఒక అర్థంలో, డిజైనర్ మరొక అర్థంలో వాడటం, పెట్టె పని చెడటానికి ఈ మూడే ముఖ్యమైన కారణాలు.

పోచంపల్లి చీరకైనా, నల్లమల తేనె సీసాకైనా, వనపర్తి వేరుశనగ చిక్కీకైనా ఇప్పుడు సొంత పేరు అచ్చువేసిన పెట్టె అవసరమవుతోంది. నేత సంఘాలు, మహిళా పొదుపు సంఘాలు, చిన్న వ్యాపారులు సరుకును కొరియర్‌లో పంపడం మొదలుపెట్టాక ఉత్త ప్లాస్టిక్ సంచి సరిపోవడం లేదు. ఈ పెట్టె పని సాధారణంగా రెండు చోట్ల సాగుతుంది. బొమ్మలు, అక్షరాలు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉన్న డీటీపీ కేంద్రంలో రూపుదిద్దుకుంటాయి. ఆఫ్‌సెట్ ముద్రణ, డై కటింగ్ (ఉక్కు పట్టీల అచ్చుతో అట్టను కోసి, మడతలు నొక్కడం), పేస్టింగ్ వంటి పెద్ద పనులకు హైదరాబాద్ వెళ్లాలి. రెండు పట్టణాల నుంచీ హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. ఈ దూరం ఫైలు ప్రయాణిస్తుంది తప్ప మనుషులు ప్రయాణించరు. ప్రెస్సు నుంచి టెంప్లేట్ ఫోనుకు వస్తుంది, దాని మీద బొమ్మ పరిచి డిజైనర్ తిరిగి పంపుతారు. మధ్యలో ఒకరి బల్ల దగ్గర మరొకరు కూర్చుని మాట్లాడుకునే అవకాశం ఉండదు.

పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసి చేయి తిరిగిన డిజైనర్‌కు కూడా పెట్టె టెంప్లేట్ కొత్తగానే ఉంటుంది. తెరవగానే ఎర్ర గీతలు, నల్ల గీతలు, చుక్కల గీతలు, చెవుల్లా బయటికి పొడుచుకొచ్చిన ముక్కలు కనిపిస్తాయి. ఏది తలకిందులుగా ఉందో, ఏది లోపలికి పోతుందో అంతుపట్టదు. కరపత్రంలో తప్పు దొర్లితే పోయేది కాగితం. పెట్టెలో తప్పు దొర్లితే డై అనే ఆ అచ్చు, ముద్రణ ప్లేట్లు, లామినేషన్ అయిన అట్ట అన్నీ వృథా అవుతాయి. అందుకే ఈ పరిభాషను పద్ధతిగా తెలుసుకోవడం చిన్న ఉత్పత్తిదారులకు నేరుగా డబ్బుతో ముడిపడిన విషయం.

ఒకే మాటకు మూడు అర్థాలు

మొదటి చిక్కు ‘టెంప్లేట్’ అనే మాటతోనే. డీటీపీ కేంద్రంలో టెంప్లేట్ అంటే ముందే బొమ్మలు, రంగులు అమర్చి ఉన్న నమూనా. పేరు మారిస్తే పని అయిపోతుంది. ఇంటర్నెట్‌లో ‘బాక్స్ టెంప్లేట్’ అని వెతికితే వచ్చేది చాలాసార్లు మాకప్, అంటే పెట్టె తయారైతే ఎలా కనిపిస్తుందో చూపే త్రిమితీయ చిత్రం. అది కొనేవారికి చూపడానికి పనికొస్తుంది, కోయడానికి కాదు. ప్రెస్సు అడిగే టెంప్లేట్ మూడోది: పెట్టెను పూర్తిగా విప్పి పరిస్తే ఏ ఆకారం వస్తుందో అసలు కొలతలతో గీసిన గీతల పటం. దీన్నే డైలైన్ అంటారు. బ్రిటన్ వాడుకలో ఇది కీలైన్, కట్టర్ గైడ్. గ్రాఫిక్ డిజైన్ పాఠాల్లో ‘కీలైన్’ అంటే బొమ్మ చుట్టూ గీసే సన్నని అంచు గీత. ఒకే పదాన్ని పాఠంలో ఒక విధంగా నేర్చుకుని, ప్రెస్సు నోట మరో విధంగా విన్నవారు తడబడటంలో వింత లేదు.

అంతకంటే ప్రమాదకరమైన పదం ‘స్కోర్’. అమెరికా వాడుకలో స్కోర్ అంటే మడత కోసం అట్టను నొక్కడం. మరికొన్ని చోట్ల స్కోర్ అంటే అట్టను సగం లోతు వరకు కోయడం. నొక్కిన మడత దగ్గర అట్ట పీచు తెగదు, బలం మిగులుతుంది. సగం కోసిన చోట పై పొర తెగిపోతుంది. విదేశీ టెంప్లేట్ దించుకుని అందులోని ‘స్కోర్’ను అలాగే వదిలేస్తే, తేనె సీసా బరువు మోయాల్సిన మడత దగ్గర కత్తి గాటు పడవచ్చు.

ఉక్కు పట్టీ నుంచి గీత వరకు

గీతలు ఎందుకు వేరువేరు రకాలో తెలియాలంటే యంత్రం వైపు నుంచి చూడాలి. 1879 ప్రాంతంలో బ్రూక్లిన్‌లో రాబర్ట్ గెయిర్ అనే ముద్రాపకుడి కార్ఖానాలో విత్తనాల సంచులు తయారవుతుండగా, మడత వేయాల్సిన లోహపు పట్టీ స్థానం తప్పి సంచులను కోసేసిందని ప్యాకేజింగ్ చరిత్ర చెబుతుంది. ఆ నష్టంలోనే గెయిర్‌కు ఒక ఉపాయం తట్టింది. ఒకే అచ్చులో కొన్ని పట్టీలను కోయడానికి, కొన్నింటిని మడత వేయడానికి వేరువేరు ఎత్తుల్లో బిగిస్తే, ఒక్క నొక్కుతో విప్పిన పెట్టె తయారవుతుంది. నేటి డై కూడా అదే సూత్రం మీద పనిచేస్తోంది.

డై అంటే సాధారణంగా 18 మి.మీ. మందం ఉన్న ప్లైవుడ్ పలక. టెంప్లేట్‌లోని గీతల వెంట లేజర్‌తో దానికి చీలికలు వేస్తారు, వాటిలో ఉక్కు పట్టీలు దిగగొడతారు. కోసే పట్టీ ఎత్తు 23.8 మి.మీ., పైఅంచు పదునుగా ఉంటుంది. మడత పట్టీ అంతకంటే కొంచెం పొట్టిగా, గుండ్రని అంచుతో ఉంటుంది. మడత పట్టీకి ఎదురుగా, అట్ట కింద, ఒక సన్నని గాడి ఉంటుంది. పట్టీ అట్టను ఆ గాడిలోకి నొక్కుతుంది. గాడి వెడల్పుకు వృత్తిలో ఒక లెక్క ఉంది: అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, దానికి పట్టీ మందం కలపాలి. అట్ట 0.4 మి.మీ., పట్టీ 0.71 మి.మీ. అయితే గాడి దాదాపు 1.3 మి.మీ. గాడి మరీ ఇరుకైతే మడత దగ్గర రంగు పగులుతుంది, మరీ వెడల్పయితే మడత సూటిగా రాదు.

తెర మీద వెంట్రుకవాసి గీతగా కనిపించేది అట్ట మీద ఒక మిల్లీమీటరుకు పైగా చోటు తీసుకుంటుంది. సన్నని అంచుబొమ్మను కచ్చితంగా మడత మీదికి తెచ్చి ఆపితే అది ఒకసారి ముందు పలక మీద, మరోసారి పక్క పలక మీద కనిపించడానికి కారణం ఇదే. ముద్రణ, కోత రెండు వేరు యంత్రాల్లో జరుగుతాయి కాబట్టి వాటి మధ్య చిన్న జరుగుబాటు ఎప్పుడూ ఉంటుంది.

దక్షిణ తెలంగాణ పాఠకులకు దీన్ని చిటికి (ఇక్కత్) నేతతో పోల్చి చూస్తే సులువుగా తెలుస్తుంది. పోచంపల్లి, పుట్టపాక నేతకారులు నూలు మగ్గం ఎక్కకముందే గళ్ల కాగితం మీద లెక్క వేసుకుంటారు. ఏ పోగును ఎక్కడ కట్టాలి, ఎక్కడ రంగు తాగనివ్వాలి అన్నది ముందే తేలిపోతుంది. రంగులద్దిన నూలును చూసినవారికి బొమ్మ పూర్తిగా తెలియదు, నేసినప్పుడే పొడచూపుతుంది. టెంప్లేట్ కూడా అటువంటి ముందు లెక్కే. అందులో ఒక గీత జరిగితే ఆ సంగతి పెట్టె మడిచేటప్పుడే బయటపడుతుంది.

గీతల పేర్లు

కోత గీత దగ్గర అట్ట పూర్తిగా తెగుతుంది. మడత గీత దగ్గర నొక్కుడు పడుతుంది. పర్ఫరేషన్ అంటే కొంత తెగి కొంత మిగిలే వరుస, చేత్తో చింపి తెరిచే చోట వాడతారు. ఈ మూడూ డైలో ఉక్కు పట్టీలుగా మారతాయి. బ్లీడ్ గీత, సేఫ్టీ గీత అలా మారవు, అవి డిజైనర్‌కు హద్దులు మాత్రమే. బ్లీడ్ అంటే రంగును కోత గీత దాటి బయటికి, సాధారణంగా 3 మి.మీ. వరకు, పొడిగించడం, కోత కొంచెం జరిగినా తెల్ల అంచు కనిపించకుండా ఇది కాపాడుతుంది. సేఫ్టీ గీత లోపలి హద్దు. అక్షరాలు, ముద్రలు దాన్ని దాటకూడదు.

రంగుల విషయంలో అందరూ ఒప్పుకున్న నియమం ఏదీ లేదు. ఒక ప్రెస్సులో ఎరుపు కోతకు గుర్తు, మరో ప్రెస్సులో అదే ఎరుపు మడతకు గుర్తు. కొందరు మడతకు చుక్కల గీత వాడతారు, ఆ చుక్కలనే మరొకరు పర్ఫరేషన్ అనుకుంటారు. రంగును నమ్మకుండా, టెంప్లేట్ మూలన గుర్తుల పట్టిక ఉందో లేదో చూడటం, లేకపోతే అడిగి తెప్పించుకోవడమే సురక్షితమైన దారి. గీతకు రంగు కంటే పేరు ముఖ్యమన్న ఈ సూత్రాన్నే 2018లో వచ్చిన ఐఎస్‌ఓ 19593-1 అనే అంతర్జాతీయ ప్రమాణం అధికారికం చేసింది. కోత, మడత, పర్ఫరేషన్ వంటి పనులను పీడీఎఫ్ ఫైలులో యంత్రం చదవగలిగే పేర్లతో గుర్తించే పద్ధతిని అది నిర్ణయించింది. రంగు ఏదైనా సరే, పేరు ‘కోత’ అయితే అది కోతే.

పలకలు, రెక్కలు

పెట్టె నాలుగు గోడలను ప్యానెళ్లు అంటారు, తెలుగులో పలకలు అనవచ్చు. వాటి చివర మడిచే ముక్కలు ఫ్లాపులు, అంటే రెక్కలు. మూతగా మూసుకుని లోపలికి దూరేది టక్ ఫ్లాప్. దానికి అటూ ఇటూ ముందుగా లోపలికి మడిచే చిన్న చెవులు డస్ట్ ఫ్లాపులు. మొదటి పలకను చివరి పలకతో కలిపే సన్నని పట్టీ పేస్టింగ్ ఫ్లాప్. దీని మీద జిగురు పట్టాలి కాబట్టి ముద్రణ, వార్నిష్, లామినేషన్ ఉండకూడదు. రంగు మాత్రం మడత దాటి రెండు మూడు మిల్లీమీటర్లు దాని మీదికి రావాలి. రంగు మడత దగ్గరే ఆగితే పెట్టె మూల వెంట తెల్ల గీత తేలుతుంది. మొత్తం పట్టీ మీద రంగు, లామినేషన్ నింపితే జిగురు పట్టక ఊడిపోతుంది.

టెంప్లేట్‌లో చివరి పలక మిగతా వాటి కంటే అర మిల్లీమీటరు సన్నగా ఉండటం చూసి, అది పొరపాటనుకుని సమానం చేసే డిజైనర్లున్నారు. అది పొరపాటు కాదు. అతుకు దగ్గర అంచు బయటికి పొడుచుకురాకుండా కావాలనే తగ్గిస్తారు. టెంప్లేట్‌లోని విచిత్రమైన వంపులు, వాలు కోతలు, చిన్న గాట్లు అన్నింటికీ సాధారణంగా ఇటువంటి కారణమే ఉంటుంది. అందుకే డిజైన్ ఫైలులో టెంప్లేట్ గీతలున్న పొరను (లేయర్) తాళం వేసి ఉంచాలి.

తలకిందుల సమస్య ఎక్కువమందిని తడబరుస్తుంది. మూత వెనుక పలకకు అతికి ఉంటే, టెంప్లేట్‌లో దాని మీద రాతను తలకిందులుగా పెట్టాలి. మూత ముందుకు వంగినప్పుడు, ఎదురుగా నిలబడినవారికి అప్పుడే సరిగా కనిపిస్తుంది. మూత ముందు పలకకు అతికి ఉంటే రాత నిలువుగానే ఉండాలి. మరో తికమక లోపలి వైపు, బయటి వైపు అన్నది. డిజైనర్ చూసేది ముద్రణ పడే బయటి వైపు. డై గీసేవారు కొన్నిసార్లు లోపలి వైపు నుంచి చూసిన పటం పంపుతారు. రెండూ అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. రెండు సగాలూ సమానంగా ఉన్న పెట్టెలో ఇది తెలియదు, కిటికీయో వేలాడదీసే రంధ్రమో ఒక పక్కకు ఉన్న పెట్టెలో మాత్రం కిటికీ బొమ్మ మీద పడుతుంది. ‘ఏ వైపు నుంచి చూసిన పటం’ అన్న ప్రశ్న ప్రతి టెంప్లేట్‌కూ అడగవలసినదే.

ఒక తేనె సీసా పెట్టె లెక్క

ఉదాహరణకు 68 మి.మీ. అడ్డుకొలత, 120 మి.మీ. ఎత్తు ఉన్న సీసా తీసుకుందాం. వదులు కలిపి పెట్టె లోపలి కొలత 70 × 70 × 122 మి.మీ. కొలతల వరుసకు అర్థం ఉంది. మొదటి రెండూ తెరుచుకునే నోటి పొడవు, వెడల్పు. మూడోది నోటి నుంచి అడుగు వరకు ఎత్తు. ఇదే పెట్టెను 122 × 70 × 70 అని రాస్తే, టెంప్లేట్ తయారుచేసే ప్రోగ్రాం నిలువు పెట్టెకు బదులు పొడవు వైపు తెరుచుకునే అడ్డ పెట్టెను ఇస్తుంది. కొలతలు రెండు చోట్లా అవే, పెట్టె మాత్రం వేరు.

విప్పి పరిస్తే నాలుగు పలకలు 280 మి.మీ., పేస్టింగ్ ఫ్లాప్ 15 మి.మీ., మొత్తం వెడల్పు 295 మి.మీ. నిలువుగా గోడ 122 మి.మీ., పైన కింద మూతలు చెరో 70 మి.మీ., వాటి టక్ ఫ్లాపులు చెరో 15 మి.మీ., మొత్తం 292 మి.మీ. అరచేతిలో ఇమిడే పెట్టెకు అడుగు చదరానికి కొంచెం తక్కువ అట్ట పడుతుందన్నమాట.

మన దగ్గర ప్రెస్సు షీటును అంగుళాల్లో చెబుతారు, డై మిల్లీమీటర్లలో ఉంటుంది. 23 × 36 అంగుళాల షీటు అంటే దాదాపు 584 × 914 మి.మీ. 36 అంగుళాల వైపు మూడు పెట్టెలు పక్కపక్కన పడతాయి. రెండో వరుస కావాలంటే 292కు రెట్టింపు, అంటే సరిగ్గా 584. కాగితం మీద సరిపోయినట్టే ఉంది. యంత్రం షీటును పట్టుకోవడానికి దాదాపు ఒక సెంటీమీటరు గ్రిప్పర్ చోటు కావాలి, అది లేదు. రెండు మూతలూ ఒకే పలకకు అతికి ఉండే స్ట్రెయిట్ టక్ రకంలో, ఈ కొలతతో, షీటుకు మూడే పెట్టెలు.

పై మూత ఒక పలకకు, కింది మూత దాని ఎదుటి పలకకు అతికి ఉండే రివర్స్ టక్ రకంలో ఒక పెట్టె మూత పక్క పెట్టె ఖాళీలోకి దూరుతుంది. అప్పుడు రెండో వరుస 207 మి.మీ. దూరంలోనే మొదలవుతుంది. రెండు వరుసలకు దాదాపు 500 మి.మీ. చాలు. అదే షీటులో ఆరు పెట్టెలు. ‘రివర్స్’, ‘స్ట్రెయిట్’ అనే రెండు మాటల మధ్య అట్ట ఖర్చు సగానికి సగం తేడా రావడానికి ఈ సర్దుబాటే కారణం. స్ట్రెయిట్ టక్‌లో ముందు నుంచి చూస్తే కోసిన అంచు కనిపించదు, అందం దాని వైపే. గాజు సీసా బరువుకు అడుగున ఉత్త టక్ ఫ్లాప్ ఆగకపోవచ్చు. అప్పుడు ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే స్నాప్ లాక్, లేదా ముందే అతికించి తెరవగానే అడుగు దానంతటదే బిగుసుకునే ఆటో లాక్ అవసరం. టెంప్లేట్ ఎంచుకునే దశలోనే ఇది తేలాలి, బొమ్మ వేశాక అడుగు మార్చడం అంటే మళ్లీ మొదటికి రావడమే.

అట్టకు పీచు దిశ కూడా ఉంటుంది. నిలువు పెట్టెల్లో పీచు సాధారణంగా నిలువు మడతలకు అడ్డంగా, పెట్టె చుట్టూ తిరిగేలా ఉండాలి. లేకపోతే పలకలు ఉబ్బుతాయి. షీటులో చోటు కలిసొస్తుందని పెట్టెను 90 డిగ్రీలు తిప్పితే ఈ దిశ మారిపోతుంది. టెంప్లేట్ మీద కనిపించే రెండు మొనల బాణం గుర్తు దీన్నే చెబుతుంది. దాన్ని అలంకారమనుకుని చెరిపేయకూడదు.

సాఫ్ట్‌వేర్‌లో జారే చోట్లు

ఇల్లస్ట్రేటర్, కోరల్‌డ్రా, ఇంక్‌స్కేప్ ఏవీ పెట్టెల కోసం పుట్టినవి కావు. ఆర్టియోస్‌క్యాడ్ వంటి ప్యాకేజింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీత గీసేటప్పుడే అది కోతో మడతో చెప్పాలి. సాధారణ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఆ తేడాను మనమే స్పాట్ కలర్ ద్వారా, పొరల పేర్ల ద్వారా కల్పించాలి. స్పాట్ కలర్ అంటే నాలుగు రంగుల ముద్రణకు బయట విడిగా పేరు పెట్టిన రంగు. కోతకు ఒకటి, మడతకు ఒకటి అలా పేరు పెడితే, ప్లేటు తీసేవారు వాటిని ముద్రణ నుంచి పక్కన పెట్టగలరు. టెంప్లేట్ గీతలను మామూలు ఎరుపులో వదిలేస్తే అవి ప్లేటులోకి వెళ్లి ప్రతి పెట్టె మీదా ఎర్రగా అచ్చవుతాయి.

స్పాట్ కలర్ పెట్టినా ఇంకో మెలిక మిగులుతుంది. ఒక గీత కింద బొమ్మ ఉంటే సాఫ్ట్‌వేర్ మామూలుగా గీత ఉన్న మేర బొమ్మను తొలగిస్తుంది. ముద్రణలో గీతను పక్కన పెట్టగానే అక్కడ సన్నని తెల్ల చార మిగులుతుంది. దీన్ని ఆపడానికి గీతలకు ఓవర్‌ప్రింట్ పెట్టాలి, అప్పుడు కింది బొమ్మ చెక్కుచెదరదు. ఈ ఒక్క గుర్తు మరచిపోవడం వల్ల వచ్చే తెల్ల చారలను చాలామంది ముద్రణ లోపమనుకుంటారు.

కొలత మారడం అన్నింటికంటే ఖరీదైన తప్పు. 295 × 292 మి.మీ. టెంప్లేట్‌ను ఏ4 కాగితం మీద ‘పేజీకి సరిపోయేలా’ ముద్రిస్తే అది దాదాపు 70 శాతానికి కుదించుకుపోతుంది, 70 మి.మీ. పలక 50 మి.మీ. కూడా ఉండదు. ఆ కాగితంతో డమ్మీ (చేత్తో మడిచిన నమూనా పెట్టె) చేసి సీసా పట్టలేదని టెంప్లేట్‌ను పెంచితే డై మొత్తం తప్పుతుంది. ఎస్‌వీజీ అనే రకం గీతల బొమ్మల ఫైళ్లలో ఇంకో లెక్క ఉంది. ఇంక్‌స్కేప్ అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కిస్తుంది, ఇల్లస్ట్రేటర్ 72 లెక్కిస్తుంది. యూనిట్లు స్పష్టంగా లేని ఫైలు ఇంక్‌స్కేప్ నుంచి ఇల్లస్ట్రేటర్‌కు వెళితే 70 మి.మీ. కాస్తా 93 మి.మీ. అవుతుంది, అటు నుంచి ఇటు వస్తే 52.5 మి.మీ. అవుతుంది. డీఎక్స్ఎఫ్ (ఇంజినీరింగ్ పటాలకు వాడే రకం) ఫైలు తెరిచేటప్పుడు మిల్లీమీటర్లా అంగుళాలా అని ఎంచుకోవాల్సి వస్తే అక్కడ తొందరపడకూడదు. ఫోనులో స్క్రీన్‌షాట్‌గా వచ్చిన టెంప్లేట్‌కు కొలతే ఉండదు, దాని మీద గీసుకున్న పని ఎంత అందంగా ఉన్నా డైకి పనికిరాదు. టెంప్లేట్ పక్కన 100 మి.మీ. గీత ఒకటి ఉంచి, ఫైలు చేయి మారిన ప్రతిసారీ దాన్ని కొలిచి చూస్తే ఈ తప్పులన్నీ ఒక్క నిమిషంలో బయటపడతాయి.

చివరి దశలో అక్షరాలను కర్వులుగా, అంటే ఫాంటు అవసరం లేని ఆకారాలుగా, మార్చేటప్పుడు అంతా ఎంచుకుని గీతలను కూడా ఆకారాలుగా మార్చేయడం మరో పొరపాటు. అప్పుడు ఒక్క గీత రెండు అంచులున్న సన్నని పట్టీ అవుతుంది. లేజర్ దాన్ని రెండు గీతలుగా చదువుతుంది.

తెలుగు అక్షరం కోరే చోటు

విదేశీ టెంప్లేట్లలోని సేఫ్టీ హద్దు రోమన్ అక్షరాలను దృష్టిలో పెట్టుకున్నది. తెలుగు వత్తులు గీత కిందికి దిగుతాయి, గుడులు, తలకట్లు పైకి లేస్తాయి. ‘స్వచ్ఛమైన నల్లమల తేనె’ అని పలక అడుగున రాస్తే హద్దును అక్షరం పాదం నుంచి కాదు, ‘చ్ఛ’ కింది వత్తు చివర నుంచి కొలవాలి. లేకపోతే మడతలో పడి వత్తు నలిగిపోతుంది. పేరు మారిపోతే సరుకుకే పేరు పోయినట్టు.

ఫాంట్ల విషయమూ ఇక్కడే వస్తుంది. జిల్లాల్లోని డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్లతో చేసిన పాత ఫైళ్లు ఇంకా వాడుకలో ఉన్నాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి) కావు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు స్థానంలో అర్థంలేని రోమన్ అక్షరాలు, గుర్తులు వస్తాయి. యూనికోడ్ ఫాంటు వాడినా ఇల్లస్ట్రేటర్‌లో దక్షిణాసియా లిపులకు ఉద్దేశించిన కంపోజర్ (అక్షరాలను పేర్చే అమరిక) ఎంచుకోకపోతే వత్తులు విడిపోతాయి. ప్రెస్సుకు పంపే ప్రతిలో అక్షరాలను కర్వులుగా మార్చడం, మార్చని ప్రతిని సవరణల కోసం దాచుకోవడం రెండూ అవసరమే.

చట్టం కోరే వివరాలకు కూడా టెంప్లేట్‌లో ముందే చోటు చూసుకోవాలి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు సంప్రదించే వివరాలు ఉండాలి. ఆహార పదార్థమైతే 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు సంఖ్య, శాకాహార లేదా మాంసాహార గుర్తు కూడా. సరుకుల మీద కనిపించే 13 అంకెల ఈఏఎన్-13 బార్‌కోడ్ ప్రామాణిక వెడల్పు 37.29 మి.మీ., అంటే మన 70 మి.మీ. పలకలో సగానికి పైనే. దాన్ని 80 శాతం వరకు తగ్గించవచ్చు, మడత మీదికి మాత్రం రానివ్వకూడదు.

బత్తాయి పెట్టె వేరే లోకం

తేనె పెట్టె ఒకే పొర అట్ట. నల్లగొండ బత్తాయి, కొల్లాపూర్ మామిడి ప్రయాణించేది ముడతల అట్టలో. రెండు చదును కాగితాల మధ్య అలల కాగితం ఉంటే 3 ప్లై, అలాంటి అలలు రెండు వరుసలుంటే 5 ప్లై. అలను ఫ్లూట్ అంటారు. బీ ఫ్లూట్ దాదాపు 3 మి.మీ., సీ ఫ్లూట్ దాదాపు 4 మి.మీ., సన్నని ఈ ఫ్లూట్ ఒకటిన్నర మి.మీ. ఇక్కడ పరిభాష ఫెఫ్కో (ముడతల అట్ట తయారీదారుల యూరప్ సమాఖ్య) సంకేతాల చుట్టూ తిరుగుతుంది. పైన కింద నాలుగేసి రెక్కలతో మూసుకునే మామూలు పెట్టె 0201. ఆన్‌లైన్ అమ్మకాల్లో కనిపించే, జిగురు లేకుండా మడిచే మూత పెట్టె 0427. ఈ సంఖ్యలు పెట్టె రకాన్ని చెబుతాయి, కొలతను చెప్పవు.

ముడతల అట్టలో లోపలి కొలత, బయటి కొలత అన్న తేడా పెద్దది. లోపల 400 × 300 × 250 మి.మీ. కావాల్సిన 0201 పెట్టెను 7 మి.మీ. మందం ఉన్న 5 ప్లై అట్టతో చేస్తే బయట 414 × 314 మి.మీ. అవుతుంది. ఎత్తులో పైన రెండు పొరలు, కింద రెండు పొరలు మూసుకుంటాయి కాబట్టి 28 మి.మీ. పెరిగి 278 అవుతుంది. లారీలో ఎనిమిది వరుసలు ఎత్తితే 22 సెంటీమీటర్లకు పైగా తేడా, దాదాపు ఒక పెట్టె ఎత్తు. లోపలి కొలతలతో లారీ లెక్క వేసినవారికి చివరి వరుస పట్టకపోవడం ఇలాగే జరుగుతుంది. ఫ్లూట్లు నిలువుగా నిలబడాలి, అవే పై పెట్టెల బరువు మోసే స్తంభాలు. టెంప్లేట్‌ను తిప్పి అలలను అడ్డంగా పడుకోబెడితే కింది వరుస పెట్టె కుంగిపోతుంది.

ముందు ముందు

కొలతలు ఇస్తే టెంప్లేట్ గీసిపెట్టే ఆన్‌లైన్ సాధనాలు పెరిగాయి. డై అవసరం లేకుండా కోసి మడత వేసే డిజిటల్ యంత్రాలు కూడా వాడుకలోకి వచ్చాయి. వంద పెట్టెలు మాత్రమే కావాల్సిన సంఘానికి ఇవి మేలే. వాటితో పరిభాష అవసరం తగ్గదు, పెరుగుతుంది. ఇంతకాలం డై చేసే అనుభవజ్ఞుడు టెంప్లేట్ చూసి ‘ఈ గీత తేడాగా ఉంది’ అని ఫోను చేసేవాడు. ఫైలు నేరుగా యంత్రానికి వెళ్లినప్పుడు ఆ మాట చెప్పేవారుండరు, గీత పేరు ఏది చెబితే యంత్రం అదే చేస్తుంది.

మంచి సంగతి ఏమిటంటే తనిఖీకి హైదరాబాద్ వెళ్లనవసరం లేదు. డిజిటల్ ప్రింట్ దుకాణాల్లో వాడే 12 × 18 అంగుళాల కాగితం దాదాపు 305 × 457 మి.మీ. పైన చెప్పిన తేనె పెట్టె టెంప్లేట్ దాని మీద 100 శాతం కొలతతో పడుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) అట్ట మీద అచ్చు తీసి, 100 మి.మీ. గీతను స్కేలుతో కొలిచి, కోత గీతల వెంట కత్తిరించి, మొద్దు మొనతో మడతలు గీసి మడిస్తే డమ్మీ అరగంటలో చేతికొస్తుంది. అందులో అసలు సీసా దించి, మూత మీది రాత ఎటు తిరిగిందో, వత్తులు ఎక్కడ ఆగాయో చూశాకే డైకి సరే అనాలి.